స్పీకర్ వైరు చివర ఏం పెట్టాలి: క్లిప్పు, నట్టు, బనానా, స్పీకాన్‌లలో ఏది ఎవరికి సరిపోతుంది

స్పీకర్లు కొనేటప్పుడు వాట్లు, కంపెనీ, బేస్ గురించి రోజుల తరబడి ఆలోచిస్తాం. వైరు కూడా మంచిదే కొంటాం. ఆ వైరు చివర ఏం బిగించాలన్నది మాత్రం బిగించే కుర్రాడికే వదిలేస్తాం. కానీ స్పీకర్ ఉన్నట్టుండి మూగబోయినా, బరబరమన్నా, యాంప్లిఫయర్ ప్రొటెక్షన్‌లోకి (కాలిపోకుండా తనంతట తానే ఆగిపోయే స్థితిలోకి) వెళ్లి ఎర్ర లైటు వెలిగినా ముందుగా అనుమానించాల్సింది ఆ చివరనే. తెగిపోయిన వైరు అరుదు. వదులైన జాయింటు, బయటికి పొడుచుకొచ్చిన ఒక్క రాగి పోగు, తారుమారైన ప్లస్ మైనస్‌లు మాత్రం ప్రతి ఇంట్లో, ప్రతి మండపంలో కనిపించేవే.

నా మాట ముందే చెప్పేస్తాను. సరిగ్గా బిగించినప్పుడు బనానా ప్లగ్గుకీ, ఒట్టి వైరుకీ, స్పీకాన్‌కీ మధ్య చెవికి తెలిసే తేడా ఉండదు. కాబట్టి కనెక్టర్‌ని శబ్దం చూసి ఎంచుకోవద్దు. ఎంత తరచుగా ఊడదీసి పెడతారు, అందులోంచి ఎంత పవర్ వెళ్తుంది, చీకట్లోనో తొందరలోనో దాన్ని ఎవరు ముట్టుకుంటారు అన్న మూడు సంగతులు చూస్తే చాలావరకు జవాబు దొరికిపోతుంది.

షాపుకి వెళ్లి "స్పీకర్ పిన్ ఇవ్వండి" అంటే మాత్రం పని కాదు. కోఠీ గుజరాతీ గల్లీలో ఆ మాట అంటే ఆర్‌సీఏ పిన్ను (టీవీ, డీవీడీ వెనక పెట్టే ఎరుపు, తెలుపు, పసుపు గుండ్రటి ప్లగ్గు) చేతిలో పెట్టొచ్చు, పీ-38 (గిటారు జాక్) పెట్టొచ్చు, బనానా కూడా పెట్టొచ్చు. బయల్దేరే ముందు యాంప్లిఫయర్ వెనకా, స్పీకర్ వెనకా ఏముందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చాలాసార్లు రెండు చివర్లూ ఒకటి కావు. యాంప్ దగ్గర నట్టు ఉంటుంది, స్పీకర్ దగ్గర క్లిప్పు ఉంటుంది. ఒకే వైరుకి రెండు చివర్లా రెండు రకాలు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

స్ప్రింగ్ క్లిప్పు

ఎరుపు, నలుపు ప్లాస్టిక్ మీటలు ఉంటాయి. నొక్కితే చిన్న కన్నం తెరుచుకుంటుంది, వైరు దూర్చి వదిలేస్తే లోపలి స్ప్రింగు రేకు పట్టేసుకుంటుంది. తక్కువ ధర రిసీవర్లలో, హోమ్ థియేటర్ స్పీకర్ల వెనక, పాత స్టీరియో సెట్లలో ఇదే ఎక్కువ. పడగ్గదిలోనో చిన్న హాల్లోనో వాడే పవర్‌కి ఇది హాయిగా సరిపోతుంది.

దీని ఇబ్బంది కన్నం సైజుతోనే. 1.5 స్క్వేర్ ఎం.ఎం. దాటిన వైరు చాలా క్లిప్పుల్లో పట్టదు. పట్టడం లేదని కొన్ని పోగులు కత్తిరించి దూర్చేస్తారు. లావు వైరు కొన్న లాభం అక్కడే పోతుంది, కత్తిరించిన పోగుల్లో ఒకటి పక్క క్లిప్పుని తాకే ప్రమాదం అదనం. అలాంటప్పుడు వైరు చివరకి పిన్ లగ్ వేయించుకోవడం మంచిది. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేసే వాళ్ల దగ్గర ఇవి దొరుకుతాయి. చిన్న గొట్టంలోకి పోగులన్నీ దూర్చి క్రింపింగ్ టూల్‌తో నొక్కేస్తే చివర గట్టి సూదిలా తయారవుతుంది. ఆ సూది క్లిప్పులోకి నేరుగా వెళ్తుంది, పోగులు చెదరవు. ఖర్చు కూడా నామమాత్రమే.

ఇంకో సంగతి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ స్ప్రింగు పట్టు తగ్గుతుంది. వైరుని మెల్లగా లాగితే ఊడొచ్చేస్తుంటే క్లిప్పుతో కుస్తీ పట్టొద్దు. స్పీకర్ వెనక టెర్మినల్ ప్లేటు మొత్తం మార్చేయొచ్చు. నాలుగు స్క్రూలు, రెండు సోల్డరింగులతో అయిపోయే పని.

బైండింగ్ పోస్టు, దానికి ఒట్టి వైరు

మరలు ఉన్న లోహపు కడ్డీ, దాని మీద ఎర్రదో నల్లదో ప్లాస్టిక్ నట్టు. దీన్నే బైండింగ్ పోస్టు అంటారు. మన వాళ్లు నట్టు టెర్మినల్ అంటారు. ఇంటి ఆడియోలో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది దీన్నే, ఎందుకంటే ఇది మూడు నాలుగు రకాల చివర్లని తీసుకుంటుంది. నట్టు వదులు చేస్తే కడ్డీకి అడ్డంగా ఒక కన్నం కనిపిస్తుంది, ఒట్టి వైరు అందులోకి వెళ్తుంది. స్పేడ్ లగ్, అంటే రెండు కొమ్ముల రేకు, నట్టు కింద కూర్చుంటుంది. వెనక నుంచి నేరుగా బనానా ప్లగ్గు దూరుతుంది.

ఒకసారి బిగించి ఏళ్ల తరబడి ముట్టుకోని ఇంటికి ఒట్టి వైరే చాలు, పైసా ఖర్చు లేదు. కాకపోతే చేసే తీరు ముఖ్యం. ఇన్సులేషన్ ఒక సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరున్నర ఒలవండి. పళ్లతోనో బ్లేడుతోనో కాకుండా వైర్ స్ట్రిప్పర్‌తో ఒలిస్తే పోగులు తెగవు. ఒలిచాక చూపుడువేలు, బొటనవేలి మధ్య పోగుల్ని మెలిపెట్టి ఒకే తాడులా చేయండి. కన్నంలోకి దూర్చాక అవతలి వైపు రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయటికి రాకూడదు. నట్టు బిగించాక టార్చ్ వేసి పక్క నుంచి చూడండి. ప్లస్ నట్టు నుంచి మైనస్ వైపుకి వెంట్రుకంత పోగు ఒక్కటి వంగి ఉన్నా అది షార్టే. వేలితో తడిమితే తెలియదు, వెలుతురులోనే కనిపిస్తుంది.

చాలామంది వైరు చివరకి సోల్డర్ పూసేస్తారు, పోగులు చెదరకుండా ఉంటాయని. స్క్రూ కిందో నట్టు కిందో పెట్టే వైరుకి ఇది మంచి పద్ధతి కాదు. సోల్డర్ మెత్తటి లోహం. నట్టు ఒత్తిడికి అది నెమ్మదిగా అణిగిపోయి, కొన్ని నెలలకి బిగింపు దానంతటదే వదులవుతుంది. దానికి తోడు సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి, వంగిన ప్రతిసారీ అక్కడే విరుగుతుంది. పోగులు పట్టి ఉండాలంటే పైన చెప్పిన పిన్ లగ్గే వేయండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఒట్టి రాగి వైరు చివర త్వరగా నల్లబడుతుంది, పచ్చటి చిలుము కూడా పడుతుంది. అక్కడ ఉండేవాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చివర కత్తిరించి కొత్తగా ఒలుచుకోవాలి. ఆ పని పెట్టుకోలేం అనుకుంటే బంగారు పూత ఉన్న లగ్గో, ప్లగ్గో వేయించుకోండి. బంగారం చిలుము పట్టదు, అందుకే ఆ పూత. దాని వల్ల శబ్దం మెరుగవుతుందని ఎవరైనా అంటే మాత్రం ఆ మాటకి డబ్బు పెట్టకండి.

బనానా ప్లగ్గు

4 మిల్లీమీటర్ల లావున్న పిన్ను, చుట్టూ ఉబ్బెత్తుగా స్ప్రింగు రేకులు. రంధ్రంలోకి తోస్తే ఆ రేకులు అణిగి గోడల్ని పట్టుకుంటాయి. స్పీకర్లు తరచూ మార్చేవాళ్లకి, రిసీవర్‌ని దుమ్ము దులపడానికో కొత్త కనెక్షన్‌కో బయటికి లాగేవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. 5.1 సెట్టుకి ఐదు స్పీకర్లు, యాంప్ వైపే పది చివర్లు. టీవీ స్టాండు వెనక చెయ్యి పట్టని సందులో పది నట్లు విప్పి మళ్లీ బిగించడం ఒకసారి చేసిన వాళ్లకి బనానా విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు వైరుని ఎలా పట్టుకుంటుందో చూడండి. పక్క నుంచి రెండు చిన్న స్క్రూలు వైరు మీద దిగే రకం బజారులో ఎక్కువ దొరుకుతుంది. పని చేస్తుంది, కానీ సన్న వైరైతే స్క్రూ మొన పోగుల్ని కోసేస్తుంది. అందుకని ఒలిచిన పోగుల్ని మడిచి లావు చేసి పెట్టాలి. పోగుల్ని గొడుగులా విప్పి, పై మూత తిప్పుతుంటే మధ్యలో నలిగి పట్టుకునే రకం నాకు ఎక్కువ ఇష్టం. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, పట్టు అంతటా సమానంగా ఉంటుంది. లాకింగ్ బనానా అని వెనక తిప్పితే రంధ్రంలో ఉబ్బే రకం కూడా ఉంది. గోడకి ఎత్తులో వేలాడే స్పీకరుకి అది పనికొస్తుంది, మిగతా చోట్ల అవసరం లేదు.

కొత్త రిసీవర్ కొని, బనానా దూరడం లేదని చాలామంది కంగారు పడతారు. పోస్టు చివర రంధ్రంలో చిన్న ప్లాస్టిక్ బిరడా ఉంటుంది, దాన్ని సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో లాగేయాలి. ఆ బిరడా పెట్టడానికి గట్టి కారణమే ఉంది. యూరప్‌లోని కరెంటు ప్లగ్గు పిన్నుల మధ్య దూరం 19 మిల్లీమీటర్లు, రెండు బైండింగ్ పోస్టుల మధ్య దూరం కూడా సాధారణంగా అంతే. స్పీకర్ ప్లగ్గు వెళ్లి గోడ సాకెట్లో దూరే ప్రమాదం ఉందని అక్కడి భద్రతా నిబంధనలు ఆ రంధ్రాన్ని మూసేయమన్నాయి. మన ఇళ్లలోని 6 ఆంపియర్ల సాకెట్లో కూడా ఫేజు, న్యూట్రల్ రంధ్రాల మధ్య దూరం 19 మిల్లీమీటర్లే. జంటగా కలిపి వచ్చే డబుల్ బనానా ప్లగ్గు అందులో దూరగలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో డబుల్ బనానా కొనవద్దని గట్టిగా చెబుతాను. విడివిడిగా ఉన్న ప్లగ్గులైనా సరే, అవతలి చివర స్పీకరుకి తగిలించి, ఇవతలి చివర నేల మీద వదిలేయకండి.

గోడకి ఆనించి పెట్టే స్పీకర్లయితే ఇంకో లెక్క ఉంది. నిటారు బనానా వెనక్కి నాలుగైదు సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది, ఆపైన వైరు వంపుకీ చోటు కావాలి. గోడకీ స్పీకరుకీ మధ్య అంత జాగా లేకపోతే అక్కడ ఒట్టి వైరో స్పేడో పెట్టి, యాంప్ వైపు మాత్రం బనానా పెట్టుకోండి.

స్పేడ్ అంటే రెండు కొమ్ముల రేకు. నట్టు కింద పెట్టి బిగిస్తే కదలనే కదలదు, రేకు వెడల్పుగా ఆనుతుంది. ఎలక్ట్రీషియన్లు వాడే యూ ఆకారపు లగ్గులు, థింబుల్స్ ఇదే కోవలోవి. కొమ్ముల మధ్య ఖాళీ మీ పోస్టు కడ్డీకి సరిపోవాలి, సాధారణంగా 6 లేదా 8 మిల్లీమీటర్లు దొరుకుతాయి. బరువైన వైరు వేలాడే చోట బనానా కంటే ఇది నయం. అయితే నట్టు కొంచెం వదులైనా పక్కకి తిరిగి పక్క పోస్టుని తాకుతుంది కాబట్టి బిగింపు మీద కన్నుండాలి.

కొన్ని స్పీకర్ల వెనక రెండు జతల పోస్టులుంటాయి, వాటిని కలుపుతూ చిన్న లోహపు పట్టీలు ఉంటాయి. ఒక జత బేస్ పలికే వూఫర్‌కి, ఒకటి సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్‌కి. వేర్వేరు వైర్లు లాగితే బైవైరింగ్, వేర్వేరు యాంప్‌లు ఇస్తే బైయాంపింగ్. ఇంట్లో వినేవాళ్లకి బైవైరింగ్ వల్ల ఒరిగేది ఏమీ ఉండదని నా అభిప్రాయం. పట్టీల్ని అలాగే ఉంచి ఒక జతకే వైరు ఇవ్వండి. ఆ పట్టీ తీసేసి మర్చిపోతే ట్వీటరో వూఫరో మూగబోతుంది, అప్పుడు స్పీకర్ పాడైందని అనుకుంటారు.

ఆర్‌సీఏ పిన్ను, రంగురంగుల ప్లగ్గులు

4.1, 5.1 మల్టీమీడియా సెట్లలో, లోకల్‌గా అసెంబుల్ చేసిన యాంప్‌లలో స్పీకర్ అవుట్‌పుట్‌కి కూడా ఆర్‌సీఏ సాకెట్టే పెడతారు. అసలు ఇది సిగ్నల్ కోసం పుట్టిన కనెక్టర్. చిన్న సెట్టుతో వచ్చినదైతే అలాగే వాడుకోండి. కొత్తగా ఏదైనా చేయించుకుంటుంటే మాత్రం స్పీకర్ అవుట్‌కి ఆర్‌సీఏ వద్దని చెప్పండి. వీడియో, ఆడియో ఇన్, స్పీకర్ అవుట్ అన్నీ ఒకేలా కనిపిస్తే ఎవరో ఒకరు స్పీకర్ అవుట్ తీసుకెళ్లి ఇంకో యాంప్ ఇన్‌పుట్‌లో పెడతారు. ఇన్‌పుట్ కాలిపోతుంది. సబ్‌వూఫర్ సంగతి వేరు. దానికి సొంత యాంప్ ఉంటే, రిసీవర్ నుంచి వెళ్లేది సిగ్నలే, అక్కడ ఆర్‌సీఏ సరైనదే.

డబ్బాలో మొత్తం సెట్టుగా వచ్చే హోమ్ థియేటర్లలో కంపెనీ సొంత ప్లగ్గులు ఉంటాయి. వైరు పొడవు చాలకపోతే ఆ ప్లగ్గు పారేయకండి. ప్లగ్గు దగ్గర ఒక జానెడు వైరు ఉంచి కత్తిరించి, అక్కడ కొత్త వైరు జాయింటు వేసుకోవచ్చు.

పీ-38, స్పీకాన్: స్టేజీ మీద తేడా

ఇంట్లో పొరపాటు చేస్తే పాట ఆగుతుంది. వినాయక చవితి మండపంలోనో, ఫంక్షన్ హాల్లోనో పొరపాటు చేస్తే యాంప్ పోతుంది, ఒక్కోసారి మనిషికి షాక్ కొడుతుంది. ఒక్క లెక్క చూడండి. 8 ఓమ్స్ స్పీకరుకి 50 వాట్లు వెళ్తుంటే వైరులో 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. 4 ఓమ్స్ బాక్సుకి 1000 వాట్లు ఇస్తే 63 వోల్టులు, దాదాపు 16 ఆంపియర్లు. ఆ 16 ఆంపియర్లని చుక్కంత చిన్న కాంటాక్టు మీదుగా పంపడం మంచిది కాదు.

పీ-38 అని మన బజారులో పిలిచేది గిటారు, మైకు, మిక్సర్లకి వాడే 6.35 మిల్లీమీటర్ల జాక్. పాత స్పీకర్ బాక్సులకి, గిటారు యాంప్‌లకి ఇదే ఉంటుంది. దీని కొస ప్లస్, ఒళ్లు మైనస్, రెండూ బయటికే ఉంటాయి. యాంప్ ఆన్‌లో ఉండగా ఊడొచ్చి ఇనుప స్టాండు మీద పడితే షార్టే. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కూడా క్షణకాలం షార్ట్ అయ్యే వీలుంది. లాకు లేదు, ఎవరి కాలికైనా తగిలితే జారిపోతుంది.

అసలు గొడవ ఏంటంటే, గిటారు కేబులూ స్పీకర్ కేబులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. గిటారు కేబుల్లో లోపల సన్నటి ఒక్క తీగ, చుట్టూ షీల్డు. దాన్ని ఎక్కువ పవర్ వెళ్లే స్పీకరుకి వాడితే వేడెక్కి కరిగిపోవచ్చు. మందపాటి రెండు తీగలున్న స్పీకర్ కేబుల్ని గిటారుకి వాడితే హమ్ వస్తుంది. పీ-38 స్పీకర్ కేబుళ్లు ఉన్నవాళ్లు వాటికి ఎర్ర టేపు చుట్టి విడిగా ఒక సంచిలో పెట్టుకోవాలి. మైకు వైర్లకి వాడే మూడు పిన్నుల కెనాన్ (ఎక్స్‌ఎల్‌ఆర్) కనెక్టర్‌ని స్పీకరుకి వాడిన బాక్సులు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. అవి కనిపిస్తే సాకెట్ మార్పించేయండి. మైకు కేబుల్ అనుకుని మిక్సర్లో పెడితే మిక్సర్ పోతుంది.

ఈ తలనొప్పులన్నిటికీ మందుగా వచ్చింది స్పీకాన్. లీచెన్‌స్టైన్ దేశంలోని న్యూట్రిక్ కంపెనీ 1987లో తీసుకొచ్చింది. దీని కాంటాక్టులు ప్లాస్టిక్ లోపలికి ఉంటాయి, వేలు తగలదు, నేల మీద పడినా షార్ట్ కాదు. దూర్చి కుడివైపు తిప్పితే టక్కున లాక్ పడుతుంది. మీట వెనక్కి లాగి ఎడమకి తిప్పితేనే వస్తుంది. స్పీకరుకి తప్ప ఇంక దేనికీ వాడరు కాబట్టి మైకు కేబుల్, గిటారు కేబుల్ అన్న గందరగోళమే లేదు. నెలకి రెండు ప్రోగ్రాములు చేసే సౌండ్ వాళ్లయినా సరే, పీ-38 బాక్సుల్ని స్పీకాన్‌కి మార్పించుకోవడం మంచిది. ఆ ఖర్చు ఒక యాంప్ రిపేరుతో పోలిస్తే ఏ మూలకీ రాదు.

ఎక్కువగా కనిపించేది ఎన్‌ఎల్4, అంటే నాలుగు కాంటాక్టులది. విప్పి చూస్తే లోపల 1+, 1−, 2+, 2− అని అచ్చు వేసి ఉంటుంది. రెండు వైర్ల కేబులైతే 1+, 1− లకి ఇవ్వడం ఆనవాయితీ. బేస్‌కీ టాప్‌కీ వేర్వేరు యాంప్‌లు ఇచ్చే బాక్సుల్లో సాధారణంగా 1 జత బేస్‌కి, 2 జత టాప్‌కి. యాంప్‌ని బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండు ఛానెళ్లని కలిపి ఒక్కటిగా వాడినప్పుడు, చాలా యాంప్‌లలో 1+, 2+ ల నుంచి తీసుకుంటారు. ఇది కంపెనీని బట్టి మారొచ్చు, యాంప్ వెనక ముద్రించిన బొమ్మ చూసి తీరాలి. స్పీకాన్ పెట్టినా శబ్దం రావడం లేదంటే చాలాసార్లు ఈ 1, 2 ల తేడానే. కేబుల్ చేసిన వాళ్లు 2+, 2− లకి ఇచ్చి ఉంటారు, బాక్సు 1 జత మీద ఎదురు చూస్తుంటుంది. కాబట్టి మీ దగ్గరున్న కేబుళ్లన్నీ ఒకే పద్ధతిలో చేయించుకుని, వేరే పద్ధతిలో ఉన్న ఒక్కటి ఉన్నా దాని మీద పెద్దగా రాసి పెట్టుకోండి. ఎన్‌ఎల్2 ప్లగ్గు ఎన్‌ఎల్4 సాకెట్లో పడుతుంది, అది 1 జతకే కనెక్ట్ అవుతుంది.

అచ్చం స్పీకాన్‌లాగే ఉండే నీలం, బూడిద రంగు కనెక్టర్లు కొన్ని యాంప్‌ల వెనక, లైట్ల వెనక ఉంటాయి. అవి పవర్‌కాన్, 230 వోల్టుల కరెంటువి. ఒకదానిలో ఒకటి పట్టకుండానే తయారు చేశారు. పట్టడం లేదని బలవంతంగా తోయకండి. నకిలీ స్పీకాన్లు చాలా చవగ్గా దొరుకుతాయి, లాకు మీట వారానికే విరిగిపోతుంది. పది సార్లు తిప్పి చూసి కొనండి.

గుడి మైకులు, స్కూలు స్పీకర్లు: 100 వోల్టుల లైను

అహుజా లాంటి పీఏ (పబ్లిక్ అడ్రస్, అంటే జనానికి వినిపించే మైకు సెట్టు) యాంప్‌ల వెనక స్క్రూల పట్టీ మీద 4 ఓమ్స్, 8 ఓమ్స్, 16 ఓమ్స్, 70 వోల్ట్స్, 100 వోల్ట్స్ అని రాసి ఉంటుంది. దూరం ఎక్కువున్నప్పుడు 100 వోల్టుల లైను వాడాలి. ప్రతి హారన్ దగ్గరా లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాని మీద 5, 10, 15 వాట్ల ట్యాపులుంటాయి. అన్నిటినీ పక్కపక్కనే ప్యారలల్‌గా కలుపుకుంటూ పోయి, వాట్లు కూడుకుంటే చాలు. 15 వాట్ల హారన్లు ఆరు అంటే 90, 100 వాట్ల యాంప్‌కి సరిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్స్ స్పీకర్ని తీసుకెళ్లి 100 వోల్టుల స్క్రూకి కలిపితే, అది లెక్క ప్రకారం 1250 వాట్లు అడుగుతుంది. యాంప్ గానీ స్పీకర్ గానీ మిగలదు. రెండు రకాల్నీ ఒకే లైనులో కలపకూడదు. ఇక్కడ బనానాలు, స్పీకాన్లు అక్కర్లేదు. రింగ్ లగ్ వేసి స్క్రూ కింద బిగించండి, రింగు కాబట్టి స్క్రూ కొంచెం వదులైనా జారదు. పైన మూత తప్పకుండా ఉండాలి, 100 వోల్టులు మనిషికి ప్రమాదకరం. గుడి గోపురం మీదో చెట్టు మీదో వేసే జాయింటుని టేపుతో సరిపెట్టకుండా జంక్షన్ బాక్సులో పెట్టించండి.

వైరు లావు

కనెక్టర్ ఎంత మంచిదైనా వైరు సన్నదైతే లాభం లేదు, కాబట్టి నాలుగు అంకెలు. ఫ్లెక్సిబుల్ రాగి వైరు కిలోమీటరుకి 0.75 స్క్వేర్ ఎం.ఎం. అయితే 26 ఓమ్స్, 1.5 అయితే 13.3, 2.5 అయితే దాదాపు 8, 4 అయితే దాదాపు 5. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి దూరాన్ని రెండుతో గుణించాలి. వైరు మొత్తం రెసిస్టెన్సు స్పీకర్ ఓమ్స్‌లో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలు.

యాంప్ నుంచి వెనక స్పీకరుకి గోడ వెంబడి 15 మీటర్లు పడుతుందనుకోండి. 0.75 వైరైతే 0.78 ఓమ్. 8 ఓమ్స్ స్పీకరుకి అది దాదాపు పదో వంతు, వద్దు. 2.5 వైరైతే 0.24 ఓమ్, హాయిగా సరిపోతుంది. ఐదారు మీటర్లలోపు 8 ఓమ్స్ స్పీకరుకి 1 గానీ 1.5 గానీ చాలు. పాత పద్ధతిలో షాపు వాళ్లు 23/76, 40/76, 70/76 అంటారు. మొదటిది పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు మందం, అంగుళంలో పదివేల వంతుల్లో. 40/76 అంటే దాదాపు 1.2 స్క్వేర్ ఎం.ఎం., 70/76 అంటే 2 కొంచెం పైన. అదే 0.75 వైరు 100 వోల్టుల లైనులో 100 మీటర్లు వెళ్లినా, 100 వాట్ల లోడుకి నష్టం 5 శాతం దగ్గరే ఉంటుంది. గుళ్లకీ స్కూళ్లకీ ఆ పద్ధతి ఎందుకో దీంతోనే తెలుస్తుంది.

చవగ్గా దొరికే పారదర్శక స్పీకర్ వైర్లలో చాలావి అల్యూమినియం మీద రాగి పూత పూసినవి. వాటి రెసిస్టెన్సు రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఒక పోగుని బ్లేడుతో గీరి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. పైన తగరం పూసిన అసలు రాగి వైర్లు కూడా తెల్లగానే ఉంటాయి, కానీ వాటిని గీరితే లోపల ఎర్రగా కనిపిస్తుంది.

ఇక ఎవరికి ఏది

అద్దె ఇంట్లో రెండు స్పీకర్ల స్టీరియో ఉన్నవాళ్లు 1.5 వైరు కొని, స్పీకర్ వైపు ఒట్టి వైరు, యాంప్ వైపు బనానా పెట్టుకోండి. ఇల్లు మారినప్పుడు విప్పడం తేలిక. సొంతింట్లో గోడలోంచి పైపు వేసి 5.1 చేయించుకునేవాళ్లు 2.5 వైరు వేయించి, గోడ ప్లేటు మీద బైండింగ్ పోస్టులు పెట్టించండి. ఆ ప్లేటు నుంచి రిసీవర్‌కి చిన్న వైర్లు బనానాలతో. గోడలో ఎక్కడా జాయింటు ఉండకూడదని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి, ప్రతి వైరుకీ రెండు చివర్లా పేరు రాయించండి. వైరు మిగులుతుందని రెండు స్పీకర్లకి ఒకే మైనస్ లాగుతామంటే ఒప్పుకోవద్దు. ఇప్పటి డిజిటల్ యాంప్‌లు చాలావాటిలో మైనస్‌లో కూడా సిగ్నల్ ఉంటుంది, రెండు ఛానెళ్ల మైనస్‌లు కలిపితే యాంప్ దెబ్బతింటుంది.

అద్దెకి తిరిగే సౌండ్ సెట్టుకి స్పీకాన్ తప్ప వేరే ఆలోచన వద్దు. బయట శాశ్వతంగా పెట్టే హారన్లకి రింగ్ లగ్గు, స్క్రూ పట్టీ. గిటారు యాంప్‌కి కంపెనీ పీ-38 ఇస్తే అదే వాడండి, కేబుల్ మాత్రం స్పీకర్ కేబులే అయి ఉండాలి.

ఏది పెట్టినా, స్విచ్ వేయకముందు చేయాల్సిన పరీక్షలు రెండు. యాంప్ వైపు చివర్లు విడిగా ఉండగా మల్టీమీటర్‌ని ఓమ్స్ మీద పెట్టి ఆ రెండు చివర్లకి ఆనించండి. 8 ఓమ్స్ స్పీకరైతే 6 చుట్టుపక్కల, 4 ఓమ్స్ అయితే 3 పైచిలుకు చూపిస్తుంది. సున్నా దగ్గర చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది, ఏమీ చూపించకపోతే ఎక్కడో ఊడింది. 100 వోల్టుల లైనుకి ఈ అంకెలు వర్తించవు. రెండోది ప్లస్ మైనస్‌ల పరీక్ష. ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ ప్లస్‌ని వైరు ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయండి. వూఫర్ కోను బయటికి కదలాలి. ఒక స్పీకర్ బయటికీ, రెండోది లోపలికీ కదిలితే ఒకదానికి వైర్లు తిరగబడ్డాయి. అలాగే వదిలేస్తే రెండూ మోగుతూనే ఉంటాయి గానీ బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, పాట మధ్యలోంచి గాకుండా ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉంటుంది. యాంప్ దగ్గర ఆ ఒక్క స్పీకర్ వైర్లు రెండూ అటూఇటూ మార్చితే సరిపోతుంది.